పురపాలక ధనం, పేదవాడల హక్కు: పోర్తో అలెగ్రే అనుభవం

నగరచరిత్ర రాసేవారు భవనాలనూ, రాజమార్గాలనూ, మేయర్ల పేర్లనూ వరసపెడతారు. పురపాలక ధనం యే పేటకు చేరింది, యే పేటకు చేరలేదు అని అడగరు. ఆ ప్రశ్న అడగడమే కాక, జవాబును తామే నిర్ణయించుకోబూనినవారు బ్రెజిల్ దక్షిణాన వున్న పోర్తో అలెగ్రే నగరపు పేదలు.

1964 నుంచి 1985 వరకు ఆ దేశాన్ని సైనికులు పాలించారు. నగర శివార్లలో గుడిసెలు వేసుకున్న శ్రామికులకు రోడ్డు లేదు, మురుగుకాల్వ లేదు. ఆ వాడల్లో సంఘాలు లేచాయి. బడ్జెట్ నిర్ణయంలో ప్రజలకు పాలు వుండాలని 1986లోనే వాటి సమాఖ్య కోరింది. 1988 ఎన్నికల్లో వర్కర్స్ పార్టీ గెలిచింది. బాంకు వుద్యోగుల యూనియన్ నాయకుడు ఒలీవియో దుత్రా 1989లో మేయరయ్యాడు. కనుక యీ పద్ధతి పాలకుల దానం కాదు, పోరాటఫలం.

మొదట ఖజానా ఖాళీ. ఆదాయంలో అత్యధికభాగం జీతాలకే సరిపోయేది. కోర్కెలు విన్నారు, పనులు జరగలేదు. మరుసటి యేడు సభలకు జనం పలచబడ్డారు. 1988 రాజ్యాంగం పురపాలక సంఘాలకు ఆదాయం పెంచింది, ఆస్తిపన్నును సంస్కరించారు. అప్పుడుగాని సభకు ప్రాణం రాలేదు.

నగరాన్ని 16 ప్రాంతాలుగా విభజించారు. సదుపాయాల కొరత, జనాభా, ప్రజలు కోరిన ప్రాధాన్యం: వీటిని బట్టి ప్రాంతాలకు మార్కులు వేసి నిధులు పంచారు. లేనివాడికి ముందు, వున్నవాడికి తర్వాత. ప్రజలు యెన్నుకున్న ప్రతినిధులను ప్రజలే తొలగించవచ్చు. మురుగునీటి సదుపాయం 1989లో నూటికి 46 ఇళ్లకు వుండగా, 1996 నాటికి 85 ఇళ్లకు చేరింది.

ఇది సోషలిజమని భ్రమపడనక్కరలేదు. భూమి ధరలనూ, కూలిరేట్లనూ ఆ సభలు ముట్టుకోలేదు; పంచినది పెట్టుబడి పనుల సొమ్మును మాత్రమే. 2004లో పార్టీ ఓడిపోయింది. తర్వాత పాలకులు సభలను వుంచి, వాటి బలాన్ని తగ్గిస్తూ వచ్చారు. 2017లో వాటినీ నిలిపివేశారు. ఈలోగా ప్రపంచబాంకు సైతం యీ పద్ధతిని మెచ్చుకుంది. ఎన్నో నగరాలు అనుకరించాయి. అనేకచోట్ల సభ మాత్రమే వెళ్లింది, నిధి మీద అధికారం వెళ్లలేదు.

పేదవాడలో సభ జరిగిందనగానే చప్పట్లు కొట్టేముందు మనం రెండు ప్రశ్నలు వేయాలి: అక్కడ తేలిన నిర్ణయానికి ఖజానా కట్టుబడుతుందా? ఆ ఖజానా యెవరి పన్నుతో నిండుతుంది? యీ రెంటికీ జవాబు లేని సభ వినతిపత్రానికి మరో పేరు మాత్రమే.