జాజ్ గిటారు వాయిసింగ్

వాయిసింగ్ అనగా ఒక కార్డ్‌లోని స్వరాలను ఏ వరుసలో, ఏ స్థాయిలో, ఏ తీగలపై పలికించాలో నిర్ణయించే పద్ధతి. కొన్ని స్వరాలు ఒకేసారి పలికినప్పుడు ఏర్పడే స్వరసమూహాన్ని కార్డ్ అంటారు. జాజ్ సంగీతంలో ఎక్కువగా నాలుగు స్వరాలు గల సెవెన్త్ కార్డ్‌లను వాడతారు. పియానో వాద్యకారునికి పది వేళ్ళు అందుబాటులో ఉండగా, గిటారు వాద్యకారుడు ఆరు తీగలను సాధారణంగా ఒక చేతి నాలుగు వేళ్ళతోనే నొక్కవలసి ఉంటుంది. కావున ఏ స్వరాన్ని ఉంచాలి, దేనిని వదలాలి అనేది జాజ్ గిటారు విద్యలో ముఖ్యమైన అంశం.

స్వరాల ప్రాధాన్యం

సెవెన్త్ కార్డ్‌లో మూలస్వరం, దాని నుండి మూడవ, ఐదవ, ఏడవ స్వరాలు ఉంటాయి. కార్డ్ మేజరా, మైనరా అన్నది మూడవ స్వరం తెలుపుతుంది. ఏడవ స్వరం దానితో కలిసి కార్డ్ రకాన్ని నిర్ధారిస్తుంది. ఐదవ స్వరం చాలా కార్డ్‌లలో ఒకే దూరంలో ఉండుటవలన దానిని వదిలినా కార్డ్ గుర్తింపు పోదు. ఐదవ స్వరం తగ్గించిన కార్డ్‌లలో మాత్రం దానిని ఉంచాలి. బృందంలో బాస్ వాద్యం ఉన్నప్పుడు మూలస్వరాన్ని కూడా వదలవచ్చు.

షెల్ వాయిసింగ్

మూల, మూడవ, ఏడవ స్వరాలు మాత్రమే గల వాయిసింగ్‌ను షెల్ వాయిసింగ్ అంటారు. సి స్వరాన్ని షడ్జమంగా తీసుకుంటే సి మేజర్ స్కేలు స్వరస్థానాలు 29వ మేళకర్త అయిన ధీరశంకరాభరణం స్వరస్థానాలే. జాజ్‌లో తరచుగా వచ్చే మూడు కార్డ్‌ల వరుసను ఈ స్కేలులో ఇలా వాయించవచ్చు. ఇక్కడ మెట్టు అనగా ఫ్రెట్.

* డి మైనర్ సెవెన్త్: ఐదవ తీగ 5వ మెట్టు (రి), నాలుగవ తీగ 3వ మెట్టు (మ), మూడవ తీగ 5వ మెట్టు (స)
* జి సెవెన్త్: ఆరవ తీగ 3వ మెట్టు (ప), నాలుగవ తీగ 3వ మెట్టు (మ), మూడవ తీగ 4వ మెట్టు (ని)
* సి మేజర్ సెవెన్త్: ఐదవ తీగ 3వ మెట్టు (స), నాలుగవ తీగ 2వ మెట్టు (గ), మూడవ తీగ 4వ మెట్టు (ని)

మూలస్వరాలు దూరంగా కదిలినా, పై రెండు తీగలలో మొదట స నుండి ని కి, తరువాత మ నుండి గ కి ఒక్కొక్క మెట్టు మాత్రమే మార్పు జరుగుతుంది.

డ్రాప్ 2 వాయిసింగ్

దగ్గర దగ్గర స్వరాలు గల కార్డ్‌లు గిటారుపై కష్టసాధ్యం. ఉదాహరణకు క్రింది నుండి ని, స, గ, ప వరుసలో సి మేజర్ సెవెన్త్ వాయించుటకు నాలుగవ తీగ నుండి మొదటి తీగ వరకు 9, 5, 5, 3 మెట్లు నొక్కాలి. పై నుండి రెండవ స్వరమైన గ ను ఒక స్థాయి క్రిందికి దించితే గ, ని, స, ప వరుస వస్తుంది. అప్పుడు అవే తీగలపై 2, 4, 1, 3 మెట్లు సరిపోతాయి. ఈ పద్ధతినే డ్రాప్ 2 అంటారు.

చరిత్ర

ఫ్రెడ్డీ గ్రీన్ 1937లో కౌంట్ బేసీ బృందంలో చేరి, స్వల్ప విరామం మినహా 1987లో మరణించే వరకు కొనసాగాడు. అతి తక్కువ స్వరాలతో లయను నడిపించుటకు ఆయన ప్రసిద్ధుడు. వెస్ మాంట్‌గొమరీ (1923–1968) రాగాలాపనను కార్డ్‌లతోనే సాగించే శైలికి పేరుపొందాడు. జో పాస్ 1973లో రికార్డు చేసిన వర్చువోసో ఆల్బమ్‌లో బాస్, కార్డ్‌లు, రాగం మూడింటినీ ఒకే గిటారుపై పలికించాడు.

కర్ణాటక సంగీతంతో సంబంధం

పాలకొల్లులో జన్మించిన మాండలిన్ విద్వాంసుడు యు. శ్రీనివాస్ (1969–2014), జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో రిమెంబర్ శక్తి బృందంలో వాయించాడు. కర్ణాటక సంగీతంలో ఆధార షడ్జమం స్థిరంగా ఉంటుంది, కార్డ్‌ల మార్పు ఉండదు. రాగానికి కార్డ్‌లు జోడించినప్పుడు అన్యస్వరాలు చేరే ప్రమాదం కలదు. ఉదాహరణకు మోహన రాగంలో మ, ని లేవు. పైన చెప్పిన మూడు కార్డ్‌లలోనూ వీటిలో ఒకటైనా ఉంటుంది. రాగస్వరూపం చెడకుండా వాయించాలంటే ఆ స్వరాలను వదిలి మిగిలిన వాటితో వాయిసింగ్ కూర్చవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* గిటారు
* మేళకర్త రాగాలు
* మాండలిన్ శ్రీనివాస్