గొంతుక్కూర్చునే పిల్ల

చిన్నప్పుడు బాన్సువాడలో మా ఇంటి పక్కన ఒక పిల్ల ఉండేది. నాకంటే రెండేళ్ళు చిన్నది. ఆటలో పది అడుగులు ఉరికేది, టక్కున ఆగి గొంతుక్కూర్చునేది. మోకాళ్ళు పొట్టకానించుకుని, తల వంచుకుని, ఒకట్రెండు నిమిషాలు. మేం నవ్వేవాళ్ళం. వాళ్ళమ్మ "గింత దూరం ఉరికితెనే కూసుంటవేందే" అని కసిరేది. ఆ పిల్ల పెదాలు, గోళ్ళు ఎప్పుడూ నేరేడుపళ్ళు తిన్నట్టుండేవి. ఆరేళ్ళు నిండకుండానే పోయింది. జ్వరమని కొందరు, గాలి సోకిందని కొందరు అన్నారు.

ఇరవై ఏళ్ళ తర్వాత ఆఫీసులో నన్నొక హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో పడేశారు. జబ్బుల కోడ్ల పట్టిక సరిచూడటం నా పని (నిద్రొచ్చే పని). అందులో 'టెట్రాలజీ ఆఫ్ ఫాలో' అన్న వింత పేరు చూసి, ఏంటో అని వెతికి చదివాను. గుండె గదుల మధ్య గోడకి చిల్లు, ఊపిరితిత్తులకి వెళ్ళే దారి ఇరుకు. అందువల్ల శుభ్రపడని రక్తమే ఒంట్లోకి వెళ్ళిపోతుంది, బిడ్డ నీలంగా అవుతుంది. అలాంటి పిల్లలు కాస్త పరిగెత్తగానే గొంతుక్కూర్చుంటారట! అలా కూర్చుంటే కాళ్ళ రక్తనాళాలు నొక్కుకుని, వత్తిడి పెరిగి, మరికాస్త రక్తం ఊపిరితిత్తుల వైపు మళ్ళుతుంది. అంటే ఎవరూ నేర్పకుండా ఆ పిల్ల తనకు తానే వైద్యం చేసుకునేదన్నమాట. ఆ రోజు ఇక పని సాగలేదు.

అప్పట్నుంచి ఈ పిల్లల గుండె వైద్యం ఎలా మొదలైందా అని దొరికిందల్లా చదువుతూ వచ్చాను. కథంతా హెలెన్ టాసిగ్ అనే ఆవిడ దగ్గర మొదలవుతుంది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి. 1930లో ఆవిడకి పిల్లల గుండె క్లినిక్ అప్పజెప్పారు. అప్పట్లో అదేమంత గొప్ప పదవి కాదు, ఎందుకంటే ఆ పిల్లలకి చెయ్యగలిగింది ఏమీ లేదు. పైగా ఆవిడకి చెవుడు వచ్చింది. స్టెతస్కోపుతో వినాల్సిన గుండెని చేతివేళ్ళతో తడిమి తెలుసుకోవడం నేర్చుకుంది. చూడటం, తాకటం, ఎక్స్‌రే తెర మీద నీడల్ని గమనించటం, ఇవే ఆవిడ పనిముట్లు.

అలా చూస్తూ చూస్తూ ఒక సంగతి పట్టుకుంది. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకి పనికొచ్చే ఒక చిన్న రక్తనాళం పుట్టిన కొన్నాళ్ళకి మూసుకుపోతుంది. నీలం పిల్లల్లో కొందరికి అది తెరిచి ఉన్నన్నాళ్ళూ బాగానే ఉండి, మూసుకోగానే పరిస్థితి విషమిస్తోంది. మరి అలాంటి దారిని మనమే కడితే? ఆ నాళాన్ని మూసే ఆపరేషన్ని 1938లో చేసిన బోస్టన్ సర్జన్ రాబర్ట్ గ్రాస్‌ని అడిగితే ఆయన పెద్దగా పట్టించుకోలేదు. 1941లో హాప్కిన్స్‌కి వచ్చిన ఆల్ఫ్రెడ్ బ్లాలాక్ ఒప్పుకున్నాడు. కుక్కల మీద ప్రయోగాలు చేసి పద్ధతి తేల్చింది మాత్రం ఆయన ల్యాబ్ సహాయకుడు వివియన్ థామస్. నల్లజాతి మనిషి, డాక్టరు చదువు లేదు. 1944 నవంబర్ 29న మొదటి ఆపరేషన్ జరుగుతుంటే బ్లాలాక్ వెనకాల స్టూలు మీద నిలబడి సలహాలిచ్చింది ఆయనే. తర్వాత ఎందరో సర్జన్లకి చెయ్యి తిప్పడం నేర్పాడు. 1976లో గానీ ఆయనకి గౌరవ డాక్టరేట్ దక్కలేదు.

ఆ బిడ్డ కొన్ని నెలలకి చనిపోయింది. కానీ తర్వాతి పిల్లలు బతికారు. తల్లులు బిడ్డల్నెత్తుకుని వచ్చారు, వాళ్ళ వెనకే డాక్టర్లూ నేర్చుకోవడానికి వచ్చారు. 1947లో టాసిగ్ పుస్తకం రాసింది. 1961లో అమెరికాలో పిల్లల గుండె వైద్యానికి ప్రత్యేక బోర్డు ఏర్పడింది. టాసిగ్ దగ్గర నేర్చుకున్నవాళ్ళలో మన ఎస్. పద్మావతి గారు ఒకరు. బర్మాలో పుట్టి, ఢిల్లీ లేడీ హార్డింజ్ కాలేజీలో చేరి, 1954లో గుండె క్లినిక్ పెట్టారు. 103 ఏళ్ళు బతికి 2020లో పోయారు.

ఇంతకీ దీనికి వేరే చదువెందుకు? పెద్దల గుండె డాక్టరు చూసేది ఎక్కువగా పూడిన రక్తనాళాలని. పసిబిడ్డది అసలు కట్టడంలోనే తేడా. పైగా అది రోజురోజుకీ మారుతుంది. గోడకి పెద్ద చిల్లున్నా పుట్టిన రోజు స్టెతస్కోపుకి ఏమీ వినిపించకపోవచ్చు, ఊపిరితిత్తుల్లో వత్తిడి తగ్గాక కొన్ని వారాలకి చప్పుడు మొదలవుతుంది. అందుకే ఎంబీబీఎస్, ఆపైన పిల్లల వైద్యంలో ఎండీ, ఆ తర్వాత మళ్ళీ రెండు మూడేళ్ళు డీఎమ్మో నేషనల్ బోర్డు ఫెలోషిప్పో చెయ్యాలి. మొత్తం పదేళ్ళ పైమాటే. అంత చదివినవాళ్ళు జిల్లాల్లో ఉండరు, ఎక్కో మిషను, క్యాథ్ ల్యాబు, సర్జను ఎక్కడుంటే అక్కడే ఉంటారు. వాళ్ళని తప్పు పట్టలేం లెండి.

మన దగ్గర ముందు డబ్బు సమస్య. పుట్టపర్తి ఆస్పత్రి 1991లో తెరిచి ఉచితంగా ఆపరేషన్లు మొదలుపెట్టింది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2021లో తిరుపతిలో టీటీడీ పిల్లల గుండె ఆస్పత్రి తెరిచింది. హైదరాబాద్ డాక్టర్ కోనేటి నాగేశ్వరరావు గారి పేరుతో 'కోనార్' అనే పరికరమే ఉంది, ఛాతీ కొయ్యకుండా గుండె చిల్లు మూయడానికి. నేర్చుకునేవాళ్ళుగా మొదలైన మనం పరికరాలు తయారుచేయించే దాకా వచ్చాం. బాగుంది.

కానీ వెయ్యిమంది పిల్లల్లో ఎనిమిది, తొమ్మిదిమందికి పుట్టుకతోనే గుండె లోపం ఉంటుందని అంచనా. వాళ్ళని ముందుగా చూసేది హైదరాబాద్ స్పెషలిస్టు కాదు, బాన్సువాడ లాంటి చోట కాన్పు చేసిన నర్సు. బాన్సువాడ మాతాశిశు ఆస్పత్రికి 2022లో తల్లిపాల విషయంలో జాతీయ గుర్తింపు వచ్చిందని చదివినప్పుడు నాకు వెంటనే తట్టింది ఇదే. గుండె లోపమున్న బిడ్డ పాలు తాగుతూ అలిసిపోతుంది, నుదురు చెమట పడుతుంది, మధ్యలో ఆపేస్తుంది. పాలు తాగే బిడ్డని కనిపెట్టుకుని ఉండే మనిషికి ఇది ఒకసారి చెబితే చాలు. పాదానికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూస్తే మరికొందరు దొరుకుతారు. ఆ చిన్న రక్తనాళాన్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్ మందు ఇప్పుడుంది. ఊపిరి ఆగకుండా కనిపెడుతూ డ్రిప్పులో ఎక్కిస్తే బిడ్డ హైదరాబాద్ దాకా చేరుతుంది. ఇవి నేర్పడానికి పదేళ్ళు అక్కర్లేదు. పదేళ్ళు చదివినవాళ్ళు జిల్లాలకొచ్చి కొన్ని రోజులు నేర్పితే చాలు. మన ప్రణాళికల్లో సీట్ల లెక్క ఉంటుంది గానీ ఈ నేర్పే లెక్క కనపడదు.

కిందటిసారి ఊరెళ్ళినప్పుడు పక్కింటి పెద్దమ్మని కలిశాను. చెప్పాలా వద్దా అని చాలాసేపు తటపటాయించి చెప్పాను, అది బద్ధకం కాదు, అలా కూర్చుంటే దానికి ఊపిరందేదని.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే కూసుంటె మంచిదేనా బిడ్డా?" అంది.

"మంచిదే పెద్దమ్మా."

"నేను లేపేదాన్ని గద" అంది.