చీకట్లో అన్నం ముద్ద

నా మొదటి బాణం ఒక గొడుగు చువ్వ. రెడ్డిగూడెంలో ఎండాకాలం సెలవులు. పాత గొడుగు విరిగితే చువ్వలన్నీ పిల్లల సొంతం. వెదురు బద్ద వంచి పురికొస బిగిస్తే విల్లు తయారు. మామిడి చెట్టు మొదట్లో గోనెసంచి నిలబెట్టి, పదిహేను అడుగుల దూరం నుంచి కొట్టేవాణ్ణి. పది వేస్తే ఎనిమిది ఎడమవైపుకే పోయేవి. కావాలని కుడివైపు చూసి కొడితే ఒకటో రెండో తగిలేవి. మంచం మీంచి చూస్తున్న పెదనాన్న తేల్చేశాడు: “నీకు గురి లేదురా.”

చాలా ఏళ్ళు అది నిజమే అనుకున్నాను. నా కంట్లోనో, బుద్ధిలోనో ఏదో లోపం ఉందనుకున్నాను. తప్పు చువ్వదని తెలిసేసరికి ముప్పై దాటాయి. ఈ వ్యాసం ఆ చువ్వ గురించి, ఆ తప్పుని కంటి మీదకు నెట్టేసే మన పాత అలవాటు గురించి.

తెలుగులో గురి అన్న మాట చిత్రమైంది. గురి చూసి కొట్టడంలో అది కంటి పని. “ఆ డాక్టరు మీద మాకు గురి” అన్నప్పుడు అది నమ్మకం. గురి కుదరడం అనే మాట రెండింటికీ పనికొస్తుంది. కుదరడం అంటే మెల్లగా, సర్దుకుంటూ, ఒక చోట నిలవడం. విలువిద్య గురించి మనకి తెలిసిన కథలు మాత్రం ఈ కుదరడాన్ని వదిలేసి చూడటాన్నే పట్టుకున్నాయి.

ఆ కథ అందరికీ తెలుసు. చెట్టు మీద బొమ్మ పిట్ట. ద్రోణుడు ఒక్కొక్కణ్ణీ పిలిచి ఏం కనిపిస్తోందని అడుగుతాడు. ధర్మరాజుకి చెట్టూ, పిట్టా, గురువూ, తమ్ముళ్ళూ అందరూ కనిపిస్తారు. అర్జునుడికి పిట్ట తల తప్ప ఇంకేమీ కనిపించదు. స్కూలు ప్రార్థనలో, కోచింగ్ సెంటర్ పోస్టర్ మీద, మోటివేషన్ స్పీకర్ నోట్లో ఈ కథ ఇంకా బతికే ఉంది. ఏకాగ్రత ఉంటే చాలు, బాణం దానంతటదే వెళ్ళి తగులుతుందన్నట్టు.

కానీ అదే ఆదిపర్వంలో ఇంకో కథ ఉంది. దాన్ని ఎవరూ పోస్టర్ మీద వేయరు. అర్జునుడికి చీకట్లో అన్నం పెట్టొద్దని ద్రోణుడు వంటవాడికి రహస్యంగా చెప్పి ఉంచుతాడు. ఒకరోజు భోజనం మధ్యలో గాలికి దీపం ఆరిపోతుంది. అర్జునుడు తినడం ఆపడు. చీకట్లో కూడా చెయ్యి తిన్నగా నోటి దగ్గరికే వెళ్తోందని గమనిస్తాడు. ఆ రాత్రి నుంచే చీకట్లో బాణాలు వేయడం మొదలుపెడతాడు. వింటి చప్పుడు విని ద్రోణుడు లేచి వచ్చి కౌగిలించుకుంటాడు.

ఒకే పర్వంలో రెండు సిద్ధాంతాలు. ఒకటి కంటిది, రెండోది చేతిది. మన చదువులు మొదటిదాన్ని తీసుకున్నాయి. గురి అంటే అన్నం ముద్ద నోటికి చేరడం లాంటిదని, అలవాటైన కొలతని చెప్పే రెండోది మరుగున పడిపోయింది.

ఈ తగువు మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండులో రోజర్ ఆస్కమ్ 1545లో ‘టాక్సోఫిలస్’ అని విలువిద్య మీద పుస్తకం రాశాడు. ఆయన కూడా చూపు లక్ష్యం మీదే ఉండాలన్నాడు. మూడు వందల ఏళ్ళ తర్వాత హొరేస్ ఫోర్డ్ అనే ఛాంపియన్ 1856లో తన పుస్తకంలో దీన్ని విడదీశాడు. సూటి చూపు లక్ష్యం మీద, వారచూపు బాణం మొన మీద ఉండాలన్నాడు. అంతకుముందు అక్కడ చాలామంది నారిని చెవి దాకా లాగేవాళ్ళు. అలా లాగితే బాణం కంటికి పక్కగా ఉంటుంది, కన్ను ఒక గీతలో, బాణం ఇంకో గీతలో. ఫోర్డ్ బాణాన్ని కంటికి సరిగ్గా కింద ఉండేలా లాగమన్నాడు.

ఇందులో లెక్క కొంచెం ఉంది, భయపడకండి. మామూలు కర్ర విల్లు నుంచి బాణం సెకనుకి 50 మీటర్ల వేగంతో వెళ్తుందనుకుందాం. 20 మీటర్లు వెళ్ళేలోపు అది దాదాపు 80 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. 40 మీటర్లకి మూడు మీటర్లకి పైగా. అంటే దూరం రెట్టింపైతే జారుడు నాలుగింతలు. కాబట్టి విల్లుని కొంచెం పైకెత్తే కొట్టాలి. బాణం కంటి కిందే ఉంటుంది కాబట్టి ఏదో ఒక దూరంలో మొన సరిగ్గా లక్ష్యం మీద ఉన్నట్టు కనిపిస్తుంది. అంతకన్నా దగ్గరైతే మొనని లక్ష్యానికి కింద పెట్టాలి, దూరమైతే పైన. ఆ ఎడాన్ని కొలిచి గుర్తుంచుకునేవాళ్ళు కొందరు. బాణానికీ కంటికీ మధ్య ఎడం మారేలా నారి మీద వేళ్ళని కిందికి దించి పట్టుకునేవాళ్ళు కొందరు. ఏమీ కొలవకుండా చూసి వదిలేసేవాళ్ళు మిగతావాళ్ళు. ఈ మూడో రకంవాళ్ళు లెక్క చేయరని కాదు. వేల బాణాల తర్వాత ఆ లెక్క భుజంలోకి దిగి ఉంటుంది, అంతే.

వీళ్ళందరికీ తప్పనిది ఒకటుంది. లాగిన చెయ్యి ప్రతిసారీ ముఖం మీద ఒకే చోట ఆగాలి. పెదవి అంచో, దవడ ఎముకో. అర అంగుళం తేడా వస్తే గురి ఎంత చూసినా దండగే. అన్నం ముద్ద మళ్ళీ ఇక్కడికే వస్తోంది చూడండి.

మన సంస్కృత గ్రంథాలకి ఈ సంగతి బాగా తెలుసు. అగ్నిపురాణంలో ధనుర్వేదానికి కొన్ని అధ్యాయాలున్నాయి. వసిష్ఠుడి పేరు మీద ధనుర్వేద సంహిత ఒకటుంది. కాళ్ళు ఎలా పెట్టాలో చెప్పే ఆలీఢం, ప్రత్యాలీఢం, సమపాదం లాంటి నిలకడలు ఉన్నాయి. నారి లాగిన చెయ్యి ఎక్కడ ఆగిందన్నదాన్ని బట్టి లాగుళ్ళకి పేర్లున్నాయి. జుట్టు మొదలు దగ్గరైతే కైశికం, చెవి దగ్గరైతే వత్సకర్ణం, మెడ దగ్గరైతే భరతం, భుజం దగ్గరైతే స్కంధం. ఏకాగ్రత గురించి ఉపన్యాసం కాదిది, మనిషి ఒంటి మీద పెట్టుకున్న గుర్తుల పట్టిక.

నన్ను ఆపేసింది మాత్రం బాణాల విభాగం. ముందు లావుగా ఉంటే ఆడ బాణం, అది దూరం పోతుంది. వెనక లావుగా ఉంటే మగ బాణం, గట్టిగా దూసుకుపోతుంది. మొదలు నుంచి చివర దాకా సమంగా ఉంటే నపుంసకం, గురి సాధనకి అదే మంచిది. పేర్లని పక్కన పెట్టి చూస్తే, బాణంలో బరువు ఎక్కడుంది, వంపు ఎక్కడ పడుతుంది అన్న ప్రశ్న అడుగుతున్నారు. తగలకపోతే తప్పు నీ కంటిదేనా, బాణం సంగతేమిటి అని అడిగిన శాస్త్రం ఇది.

ఇక నా గొడుగు చువ్వ. కుడిచేతి వాటం వాడు నారిని వేళ్ళతో లాగితే, బాణం వింటి కర్రకి ఎడమ పక్కన ఆనుకుంటుంది. నారి మాత్రం వదలగానే కర్ర నడిమికి పరిగెత్తుతుంది. కర్ర అడ్డం ఉంది కాబట్టి బాణం ఎడమవైపుకే పోవాలి. మరి మంచి బాణం తిన్నగా ఎలా పోతోంది? ఈ చిక్కుముడికి 20వ శతాబ్దంలో ‘ఆర్చర్స్ పారడాక్స్’ అని పేరు పెట్టారు. 1930ల్లో అమెరికాలో క్లారెన్స్ హిక్‌మన్, పాల్ క్లోప్‌స్టెగ్ లాంటి శాస్త్రజ్ఞులు వేగంగా తీసే కెమెరాలతో దీన్ని పరిశీలించారు. బాణం తిన్నగా పోవడం లేదు. నారి వెనకనుంచి నెట్టగానే అది విల్లులా వంగుతుంది, తర్వాత అటువైపు వంగుతుంది, అలా చేపలా మెలికలు తిరుగుతూ కర్రని తప్పించుకుని, దాటాక మెల్లగా సర్దుకుంటుంది.

అంటే బాణం వంగాలి. ఎంత వంగాలన్నది వింటి బలం మీద ఆధారపడుతుంది. మరీ బిరుసైతే వంగలేక ఎడమకి కొడుతుంది, మరీ మెత్తనైతే ఎక్కువ వంగి కుడికి పోతుంది. గొడుగు చువ్వ ఇనుము. పురికొస కట్టిన నా వెదురు బద్దకి దాన్ని వంచే బలం ఎక్కడిది? నేను ఎంత ఏకాగ్రతతో చూసినా అది ఎడమకే పోయేది. అర్జునుడు వేసినా ఎడమకే పోయేది.

విల్లుని సరిచేయడమంటే ఇలాంటి పనులే. నారిని నాలుగు మెలికలు తిప్పితే పొట్టిదై కర్రకి కొంచెం దూరం జరుగుతుంది. మరీ దగ్గరుంటే మణికట్టు మీద చాచి కొడుతుంది. పూర్వం అందుకే ఎడమ చేతికి తోలు కట్టుకునేవాళ్ళు. దాన్ని సంస్కృతంలో గోధ అన్నారు, ఆ మాటకి ఉడుము అనే అర్థం కూడా ఉంది. నారి మీద బాణాన్ని ఆనించే చోటు మారితే బాణం పైకీ కిందికీ ఊగుతూ పోతుంది. వింటి రెండు కొమ్ములూ సమంగా వంగాలి. ఒకటి బిరుసుగా ఉంటే దాని లోపలి వైపు కొంచెం గీకి, ఎక్కుపెట్టి చూసి, మళ్ళీ గీకాలి. వెదురైతే పై పెచ్చు జోలికి పోకూడదు, లాగుడునంతా భరించేది ఆ పెచ్చే. ఎక్కువ గీకితే మళ్ళీ అతికించలేం. ఇదంతా చెయ్యి నేర్చుకునే చదువు.

ఈ చదువు మన దగ్గర ఎవరి చేతుల్లో మిగిలింది? నల్లమలలో చెంచుల చేతుల్లో, గోదావరి కొండల్లో కోయల, కొండరెడ్ల చేతుల్లో. ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1943లో చెంచుల మీద, 1945లో కొండరెడ్ల మీద పుస్తకాలు వేశాడు. ఆ చదువుకి వసిష్ఠ సంహిత లాంటి గ్రంథం లేదు. ఫలానా వాడు ఈ విల్లు చేశాడని ఏ రాతి మీదా లేదు.

జగ్గయ్యపేట స్తూపం గుర్తొస్తుంది. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వించాడు. దొరికిన శాసనాల్లో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరం నాటివి ఉన్నాయి. సిద్ధార్థుడనే ఒక చేతిపనివాడు అయిదు ఆయక స్తంభాలు ఇచ్చినట్టు వాటిలో ఉంది. రాయి కాబట్టి పదిహేడు వందల ఏళ్ళు దాటినా ఒక పనివాడి పేరు మనకి తెలుసు. వెదురుతో పనిచేసినవాళ్ళకి ఆ వీలు లేదు. విల్లు ఒక మనిషి జీవితకాలం కూడా ఉండదు. పుల్ల ఎంపికలో, గీకుడులో ఉన్న తెలివి తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వెళ్ళాలి. మధ్యలో ఒక్క తరం వదిలేస్తే అంతే సంగతులు.

ఆ తరాలు ఎలా తెగాయో మనకి తెలియంది కాదు. అల్లూరి సీతారామరాజు అనగానే విల్లంబులే గుర్తొస్తాయి, విగ్రహాల్లోనూ అవే. కానీ 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద ఆయన దళం పడింది తుపాకుల కోసం. విల్లుతో తుపాకీని ఎదిరించలేమని అందరికన్నా ముందు తెలిసింది విల్లు పట్టినవాళ్ళకే. అడవి చట్టాలు వేటని నేరం చేశాక, విల్లు చేయడం నేర్పే అవసరం కూడా తగ్గుతూ వచ్చింది.

ఇప్పుడు ఇంద్రకీలాద్రికి వద్దాం. అర్జునుడు తపస్సు చేసింది ఇక్కడేనని బెజవాడ నమ్మకం. కొండ మీద కిరాతార్జునీయ ఘట్టాలు చెక్కిన పాత రాతి స్తంభం ఒకటుంది. ఆ కథలో ఒక పంది మీద రెండు బాణాలు పడతాయి, ఒకటి అర్జునుడిది, రెండోది అడవి వేటగాడిది. చంపింది ఎవరి బాణమన్నది తగువు. వేటగాడే గెలుస్తాడు. ఆ వేటగాడు శివుడు కాబట్టి మనకి ఇబ్బంది లేదు. ఏకలవ్యుడు శివుడు కాదు. మొరిగే కుక్క నోట్లో ఏడు బాణాలు నాటిన ఆ చేతికి బొటనవేలు పోయింది.

అదే బెజవాడ ఇవాళ విలువిద్య ఊరు. వెన్నం జ్యోతి సురేఖ 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది. వ్యక్తిగత ఫైనల్లో ఆమె స్కోరు 150కి 149. బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళాడు. వీళ్ళ విల్లుల్లో నేను పైన చెప్పిన ప్రతి సర్దుబాటుకీ ఒక స్క్రూ ఉంటుంది. బాణం బిరుసుకి అంకెలుంటాయి. ఆధునిక కోచ్ శిష్యుడి బాణాలు ఎడమకి పోతుంటే నీకు గురి లేదని తిట్టడు. ముందు బాణం చూస్తాడు.

అయితే ఆ అవార్డుల పేర్లు చూడండి. ఆటగాళ్ళకి అర్జున, 1961 నుంచి. కోచ్‌లకి ద్రోణాచార్య, 1985 నుంచి. రాజస్థాన్ అడవుల్లో వెదురు విల్లుతో పెరిగి, 1988, 1992, 1996 ఒలింపిక్స్‌లో దేశం తరఫున నిలబడిన లింబారామ్‌కి ఇచ్చిందీ అర్జున అవార్డే. గిరిజన పిల్లల గురుకులాలకి మాత్రం ఏకలవ్య అని పేరు పెట్టారు. పెట్టినవాళ్ళు గౌరవంగానే పెట్టి ఉంటారు. కానీ ఆ బళ్ళో చదివే కోయ పిల్లకి ఆ పేరు కథలో బడి దొరకనివాడిదని తెలిసినప్పుడు ఏమనిపిస్తుంది?

పిట్ట కన్ను కథ నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. అది తగలనివాణ్ణి తప్పుపడుతుంది. సరైన బాణం ఎవరికి అందింది, విల్లు గీకడం ఎవరు నేర్పారు, ఎవరిని పక్కన నిలబెట్టారు అన్న ప్రశ్నలు అడగదు. చూపు సరిగ్గా లేదు, అంతే. ఆ మాట విని ఎంతమంది పిల్లలు విల్లు కింద పెట్టేసి ఉంటారో.

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే మా తమ్ముడి కొడుకు అదే పని చేస్తున్నాడు. ఈసారి కొబ్బరి చీపురుపుల్లలు. అన్నీ కుడికి పోతున్నాయి. పెదనాన్న లేడు, ఆ మంచమూ లేదు. వాడు నా వైపు చూసి, “పెదనాన్నా, నాకు గురి లేదు” అన్నాడు. ఎవరు చెప్పారో మరి. దొడ్లో ఎండిన కంది కట్టెలుంటే తిన్నగా ఉన్నది ఒకటి ఏరి, చాకుతో నున్నగా గీకి ఇచ్చాను. మొదటిది ఎడమకి పోయింది. ఇంకొంచెం గీకాం. నాలుగోసారి గోనెసంచి అంచుకి తగిలింది. వాడు పుల్లని వెనక్కి తెచ్చి, కంటి ముందు పెట్టుకుని, వంపు ఎక్కడుందో చూసుకుంటూ చాకు అడిగాడు.