సహజ వాయు నిల్వలు – ఇంధన భద్రత

గిరాకీ తక్కువగా ఉండే నెలల్లో సహజ వాయువును భూగర్భంలోకి ఎక్కించి, గిరాకీ పెరిగినప్పుడు లేదా సరఫరా తెగిపోయినప్పుడు వెలికితీసే ఏర్పాటును సహజ వాయు నిల్వ అంటారు. 1915లో కెనడాలో ప్రయోగంగా మొదలైన ఈ పద్ధతి చాలాకాలం చలికాలపు వాడకాన్ని సర్దుబాటు చేసే వాణిజ్య సాధనంగానే ఉంది. 21వ శతాబ్దంలో రష్యా, ఉక్రెయిన్‌ల మధ్య తలెత్తిన వివాదాల తరవాత ఐరోపాలో ఇది చట్టం విధించే బాధ్యతగా మారింది.

నిల్వ పద్ధతులు

నిల్వకు ప్రధానంగా మూడు రకాల భూగర్భ నిర్మాణాలు పనికివస్తాయి: వాయువు తోడేసిన పాత క్షేత్రాలు, నీరున్న రాతి పొరలు, ఉప్పు పొరల్లో నీటితో కరిగించి తొలిచిన గుహలు. పాత క్షేత్రాల్లో పరిమాణం ఎక్కువ; ఉప్పు గుహల నుంచి వాయువు వేగంగా బయటికి వస్తుంది. ఎక్కించిన వాయువంతా వాడకానికి రాదు. పీడనం నిలబెట్టడానికి కొంత ఎప్పుడూ లోపలే ఉండాలి. దీన్ని కుషన్ గ్యాస్ అంటారు. పాత క్షేత్రాల్లో ఇది దాదాపు సగం దాకా ఉంటుంది. నిల్వ తరిగేకొద్దీ పీడనం పడిపోయి, రోజుకు తీయగలిగే పరిమాణమూ తగ్గుతుంది. అందువల్ల చలికాలం చివర్లో వచ్చే కొరతే ఎక్కువ ప్రమాదకరం.

తొలి దశ

1915లో ఒంటారియో రాష్ట్రంలోని వెలండ్ కౌంటీలో, వాయువు తరిగిన ఒక క్షేత్రంలోకి తిరిగి వాయువును పంపి చూశారు. మరుసటి ఏడాది అమెరికాలోని బఫెలో నగర సమీపాన జోర్ క్షేత్రాన్ని నిల్వకు వాడటం మొదలైంది. నేలమీద వాయువును ద్రవంగా మార్చి ట్యాంకుల్లో దాచే ప్రయత్నానికి 1944లో ఎదురుదెబ్బ తగిలింది. ఆ అక్టోబరు 20న క్లీవ్‌లాండ్‌లో ట్యాంకు పగిలి చెలరేగిన మంటల్లో సుమారు 130 మంది మరణించారు. 1946లో కెంటకీలో నీటి పొరను, 1961లో మిషిగన్‌లో ఉప్పు గుహను నిల్వకు వినియోగించారు. దీంతో పాత క్షేత్రాలు లేని ప్రాంతాలకూ నిల్వ సాధ్యమైంది.

ఐరోపాలో సరఫరా సంక్షోభాలు

2009 జనవరిలో ధర, బకాయిల వివాదంతో ఉక్రెయిన్ మీదుగా ఐరోపాకు వచ్చే రష్యా వాయువు దాదాపు రెండు వారాలు ఆగిపోయింది. రష్యా వాయువుపైనే ఆధారపడిన బల్గేరియాలో పాఠశాలలు మూతపడ్డాయి, ఇళ్లకు వేడి కరవైంది. ఉక్రెయిన్‌కు మాత్రం పశ్చిమ ప్రాంతంలో పెద్ద భూగర్భ నిల్వలున్నాయి. పైప్‌లైన్లలో ప్రవాహాన్ని వెనక్కి తిప్పి, ఆ వాయువును తూర్పు ప్రాంతాలకు పంపి గట్టెక్కింది. ఆ దేశపు మొత్తం నిల్వ సామర్థ్యం సుమారు 3,100 కోట్ల ఘనపు మీటర్లు. ఈ అనుభవంతో ఐరోపా సమాఖ్య 2010లో వాయు సరఫరా భద్రతా నిబంధనలను కట్టుదిట్టం చేసింది.

అయినా నిల్వ కేంద్రాలను నింపాలా, వద్దా అన్నది మార్కెట్‌కే వదిలేశారు. బ్రిటన్ నిల్వ సామర్థ్యంలో అధిక భాగానికి ఆధారమైన సముద్రగర్భ రఫ్ కేంద్రాన్ని, మరమ్మతుల ఖర్చు గిట్టుబాటు కాదంటూ 2017లో మూసేశారు. జర్మనీలో సుమారు 400 కోట్ల ఘనపు మీటర్లు పట్టే రేడెన్ కేంద్రం 2015లో రష్యా సంస్థ గాజ్‌ప్రోమ్ చేతికి వెళ్లింది. 2021 శరదృతువులో చలికాలం ముంచుకొస్తున్నా అది పది శాతం కూడా నిండలేదు.

చట్టబద్ధ లక్ష్యాలు

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై రష్యా దాడి తరవాత జర్మనీ నిల్వ చట్టం తెచ్చింది. అక్టోబరు 1కి 80, నవంబరు 1కి 90 శాతం నింపాలనీ, ఫిబ్రవరి 1 నాటికి 40 శాతం మిగలాలనీ విధించింది. అదే ఏడాది జూన్‌లో ఐరోపా సమాఖ్య నవంబరు 1కి 80 శాతం, తరవాతి ఏళ్లలో 90 శాతం లక్ష్యంగా పెట్టుకుంది. ఆ నవంబరు మధ్యకల్లా సమాఖ్య నిల్వలు దాదాపు 95 శాతానికి చేరాయి. అయితే వేసవిలో ధర ఎంతున్నా కొనక తప్పకపోవడంతో మార్కెట్ మరింత వేడెక్కిందన్న విమర్శ వచ్చింది. 2025లో గడువును సడలించి, అక్టోబరు 1, డిసెంబరు 1 మధ్య ఎప్పుడైనా 90 శాతానికి చేరవచ్చన్నారు. బ్రిటన్‌లో మూతపడిన రఫ్ కేంద్రాన్నీ 2022 అక్టోబరులో పాక్షికంగా తెరిచారు.

పరిమితులు, ప్రమాదాలు

నిల్వ కొత్త వాయువును పుట్టించదు, గడువును మాత్రమే ఇస్తుంది. జర్మనీ కేంద్రాలన్నీ నిండినా ఏడాది వాడకంలో సుమారు నాలుగో వంతే సమకూరుతుంది. పాత బావుల నిర్వహణా సమస్యే. 2015 అక్టోబరులో కాలిఫోర్నియాలోని అలిసో కేన్యన్ కేంద్రంలో ఒక బావి నుంచి మొదలైన లీకేజీని 2016 ఫిబ్రవరిలో గానీ ఆపలేకపోయారు. ఈలోగా సుమారు లక్ష టన్నుల మీథేన్ గాలిలో కలిసింది.

భారత్‌లో

భారత్ తన వాడకంలో దాదాపు సగాన్ని ద్రవీకృత రూపంలో దిగుమతి చేసుకుంటోంది. ముడి చమురు కోసం విశాఖపట్నంలో 13.3 లక్షల టన్నుల భూగర్భ రాతి గుహలున్నాయి. వంటగ్యాస్‌కూ అక్కడే 60 వేల టన్నుల గుహ ఉంది. సహజ వాయువుకు మాత్రం ఆ తరహా వ్యూహాత్మక భూగర్భ నిల్వ ఏర్పడలేదు. దిగుమతి టెర్మినళ్లలోని ట్యాంకులే ప్రధాన ఆధారం.