తప్పు పిల్లలదా, వీధిదా?

పొద్దున్నే మా ఆఫీసు క్యాబ్ ఒక స్కూలు ముందు నుంచి వెళ్తుంది. "నెమ్మదిగా వెళ్ళండి" అని బోర్డు ఉంటుంది, ఎవరూ వెళ్ళరు. మొన్నొకరోజు అక్కడ ట్రాఫిక్ ఆగిపోతే "అన్నా, ఇంకో రూట్ లేదా? తొమ్మిదింటికి కాల్ ఉంది" అన్నది సాక్షాత్తూ నేనే. అదే టైముకి ఒకావిడ చంటిపిల్లని చంకనేసుకుని, ఇంకో చేత్తో స్కూలు పిల్లాడి రెక్క పట్టుకుని, కార్ల మధ్యలోంచి పరిగెత్తింది. ఆగాల్సింది మేమైతే, పరిగెత్తింది ఆవిడ!

నెదర్లాండ్స్ కి ఆన్ సైట్ వెళ్ళొచ్చిన ఫ్రెండ్స్ అక్కడ చిన్నపిల్లలు ఒంటరిగా సైకిళ్ళ మీద స్కూలుకెళ్ళడం చూసి తెగ ఆశ్చర్యపోతారు. "వాళ్ళ కల్చరే వేరు బాసూ" అని తేల్చేస్తారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. వాళ్ళ చరిత్ర కాస్త చదివాక తెలిసింది, అది కల్చర్ కాదు, కొట్లాడి తెచ్చుకున్నది అని.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అక్కడా జీతాలు పెరిగాయి, కార్లు పెరిగాయి. ఊళ్ళలో రోడ్లు వెడల్పు చేశారు, ఖాళీ స్థలాలు పార్కింగ్ లయ్యాయి. వినడానికి మన కథలానే ఉంది కదా. 1971 నాటికి ఆ చిన్నదేశంలో ఏడాదికి 3,000 మందికి పైగా రోడ్ల మీద చనిపోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలు.

అలా పోయినవాళ్ళలో విక్ లాంగెన్‌హాఫ్ అనే జర్నలిస్టు కూతురు కూడా ఉంది. సైకిల్ మీద స్కూలుకెళ్తుంటే కారు గుద్దింది. 1972లో ఆయన 'డె టైడ్' అనే పత్రికలో ఒక వ్యాసం రాశాడు. దాని పేరుకి అర్థం "పిల్లల హత్యలు ఆపండి". గమనించండి, 'ప్రమాదాలు' అనలేదు, 'హత్యలు' అన్నాడు. ప్రమాదం అంటే ఎవరి తప్పూ ఉండదు, తలరాత అనుకుని ఊరుకోవచ్చు. హత్య అంటే మాత్రం ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

ఆ పేరుతోనే ఒక ఉద్యమం మొదలయింది. మార్చే వాన్ పుట్టెన్ అనే యువతి దానికి మొదటి అధ్యక్షురాలు. తల్లిదండ్రులు పిల్లలతో సహా రోడ్లకి అడ్డంగా నిలబడ్డారు. నడివీధిలో బల్లలు వేసి భోజనాలు చేశారు. ప్రధాని ఇంటికి సైకిళ్ళ మీద వెళ్ళి పాటలు పాడారు.

ఆమ్‌స్టర్‌డామ్ లో డె పైప్ అనే ఇరుకు పేట ఉంది. కార్లు రాకముందు కట్టిన పేట, అప్పట్లో ఎక్కువగా కూలీనాలీ జనం ఉండేవాళ్ళు. అక్కడ 1972లో ఆడుకోవడానికి చోటు లేక పిల్లలే వీధికి అడ్డం కట్టారు. కొంతమంది కారువాళ్ళు కోపంతో ఆ అడ్డాల్ని పీకేశారు. ఇదంతా ఒక టీవీ డాక్యుమెంటరీలో రికార్డయింది. ఇంట్లో కారు లేని పిల్లలకే కార్ల బెడద ఎక్కువ. ఈ అన్యాయం మనకి కొత్తేం కాదు.

1973లో చమురు సంక్షోభం వచ్చి, కొన్ని ఆదివారాలు కార్లు బంద్ పెట్టారు. ఖాళీ రోడ్లు ఎలా ఉంటాయో జనం కళ్ళారా చూశారు. ఉద్యమానికి అదీ కలిసొచ్చింది.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి ముక్క. "పిల్లలూ, జాగ్రత్తగా దాటండి" అని పాఠాలు చెప్పి వదిలేయలేదు, వీధినే మార్చారు. డెల్ఫ్ట్ ఊళ్ళో అప్పటికే 'వూనెర్ఫ్' అనే ప్రయోగం నడుస్తోంది. ఫుట్‌పాత్ వేరు, రోడ్డు వేరు అని ఉండదు. మధ్యమధ్యలో చెట్లు, వంపులు పెట్టారు, కారువాడు కావాలన్నా స్పీడుగా పోలేడు. 1976లో దానికి చట్టం చేశారు. ఆ వీధుల్లో మనుషులు రోడ్డంతా నడవచ్చు, పిల్లలు ఆడుకోవచ్చు, కారు మాత్రం మనిషి నడిచే వేగంతో పోవాలి. 14 ఏళ్ళలోపు పిల్లలు నడుస్తూనో సైకిల్ మీదో ఉండగా కారు గుద్దితే, తప్పు పిల్లలదైనా సరే, నష్టపరిహారం భారం దాదాపు ఎప్పుడూ కారు వైపే ఉంటుంది.

మన భాషలో చెప్పాలంటే, వందమంది యూజర్లు ఒకే బటన్ తప్పుగా నొక్కుతుంటే యూజర్ మాన్యువల్ మళ్ళీ పంచిపెట్టం, స్క్రీన్ డిజైన్ మారుస్తాం. స్కూలు ముందు బోర్డు అనేది ఆ యూజర్ మాన్యువల్ లాంటిదే.

ఇదేమీ ఒక్కరోజులో అవలేదు, దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు అక్కడ ఏడాదికి రోడ్ల మీద పోయే పిల్లల సంఖ్య వందల్లో లేదు, పదుల్లోకి దిగింది.

ఇక్కడ అలా ఎందుకు కాదు అంటే రోడ్లు ఇరుకు, జనం ఎక్కువ, ఎవరూ వినరు... అని నేనే పది కారణాలు చెప్పగలను. డె పైప్ కూడా ఇరుకు పేటే, అక్కడా మొదట్లో ఎవరూ వినలేదు. వాళ్ళు అడిగారు, మనం ఇంకా అడగలేదు, అంతే తేడా.

ప్రస్తుతానికి నేను చేసింది ఒక్కటే. క్యాబ్ ఓ పావుగంట ముందు రమ్మన్నాను. స్కూలు దగ్గర హారన్ కొట్టొద్దని డ్రైవరన్నకి చెప్పాను. నవ్వి, "మీరే కదా సార్ మొన్న తొందరపెట్టింది" అన్నాడు. నిజమే మరి. మీ ఆఫీసు దారిలో కూడా స్కూలు ఉండే ఉంటుంది. రేపు అక్కడ మీరు ఏమంటారు?