ఐఐఎం ఇంటర్వ్యూ కాల్ వచ్చిందా? ముందు మీ అప్లికేషన్ ఫామ్ మళ్లీ చదవండి!

క్యాట్‌లో మంచి పర్సంటైల్ వచ్చింది. ఐఐఎం నుంచి ఇంటర్వ్యూ కాల్ కూడా వచ్చేసింది. ఇక సీటు గ్యారంటీ అనుకుంటే పొరపాటే. నవంబర్‌లో క్యాట్ రాసినవారికి తర్వాతి ఏడాది మొదటి నెలల్లో ఇంటర్వ్యూలు ఉంటాయి. ఫైనల్ లిస్టులో ఇంటర్వ్యూ మార్కులదీ పెద్ద వాటానే. ఏ ఐఐఎం దేనికెంత వెయిటేజీ ఇస్తుందో వాటి వెబ్‌సైట్లలోనే ఉంటుంది. కాల్ రాగానే చూసేయండి.

ప్యానెల్‌లో సాధారణంగా ఇద్దరు ముగ్గురు ఉంటారు. పదిహేను, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. వాళ్ల చేతిలో ఉండేది మీరు నింపిన ఫామ్. ప్రశ్నలు ఎక్కువగా పుట్టేది అందులోంచే.

హాబీ దగ్గర 'రీడింగ్' అని రాశారా? చివరగా చదివిన పుస్తకం ఏంటని అడుగుతారు. సొంతూరు నిజామాబాద్ అయితే పసుపు బోర్డు గురించి, గుంటూరు అయితే మిర్చి యార్డు గురించి నాలుగు మాటలు చెప్పగలగాలి. ఊరి గురించే చెప్పలేకపోతే ప్యానెల్‌కి ఏమనిపిస్తుందో మీరే ఆలోచించండి.

బీటెక్ చదివి సాఫ్ట్‌వేర్‌లో చేరినవాళ్లు దొరికిపోయేది సబ్జెక్టు దగ్గర. మెకానికల్ వాళ్లని ఆటో సైకిల్‌కి, డీజిల్ సైకిల్‌కి తేడా అడగొచ్చు. అన్నీ చదవక్కర్లేదు, ఇష్టమైన రెండు సబ్జెక్టులు గట్టిగా చూసుకోండి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో కొన్నదైతే (నవ్వకండి, చాలామంది సంగతి ఇదే) కనీసం ఇప్పుడైనా అదేంటో అర్థం చేసుకోండి. వేరే విషయంలో 'తెలియదు సార్' అంటే పర్లేదు. సొంత ప్రాజెక్టు గురించి తెలియదంటే కష్టం.

ఇక 'ఎంబీఏ ఎందుకు?' అన్న ప్రశ్న. లీడర్‌షిప్, మేనేజ్‌మెంట్ స్కిల్స్ అంటూ బట్టీ పట్టిన జవాబులు ప్యానెల్ రోజూ వినేవే. మీ ఉద్యోగంలో మీకు అంతు చిక్కని ఒక విషయం చెప్పండి. ఉదాహరణకి, కోడ్ బాగానే రాశారు, కానీ కస్టమర్ ఆ ప్రోడక్ట్ ఎందుకు వద్దన్నాడో తెలియలేదు. అక్కడి నుంచి మాట అదే సాగుతుంది. ఏడాది గ్యాప్, బ్యాక్‌లాగ్ ఉంటే దాచొద్దు. ఏం జరిగిందో రెండు వాక్యాల్లో చెప్పేయండి.

తెలుగు మీడియం వాళ్ల భయం ఇంగ్లిష్. యాస మార్చుకోవాల్సిన పనిలేదు. చిన్న వాక్యాలు, నిదానంగా మాట్లాడితే చాలు. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి, తడబడేది ఎక్కడో తెలిసిపోతుంది.

సర్టిఫికెట్ల సంగతి మర్చిపోవద్దు. ఓబీసీ కోటా అడిగినవాళ్లకు మామూలు బీసీ కుల ధ్రువీకరణ పత్రం సరిపోదు. కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులం కేంద్ర జాబితాలో ఉండదు, అదీ చూసుకోవాలి. ఈడబ్ల్యూఎస్ వాళ్లు తమ సర్టిఫికెట్ ఏ ఆర్థిక సంవత్సరానిదో చెక్ చేసుకోండి. ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందు మీ సేవకు పరిగెడితే పని కాదు.