బొంబాయి వాటాల వ్యామోహము: 1865 నాటి పతనము

బొంబాయిలోని కామాటిపురము తెలుగు శ్రామికుల పేరు మోయుచున్న పేట. నిజాం రాజ్యపు తెలుగు సీమనుండి వచ్చి, పల్లపు నేలలను మెరక చేయుటకును, గోడలు కట్టుటకును కుదిరిన కామాటీలు పద్దెనిమిదవ శతాబ్ది చివరి కాలమునుండి అచట నిలదొక్కుకొనిరి. వీరి జీవనము నగర నిర్మాణముతో ముడిపడినది. నిర్మాణమో, వర్తకుల ధనముతో ముడిపడినది. ఆ ధనము 1865లో ఎట్లు కరగిపోయెనో, వాటాదారులు ఆ పతనమును ఎట్లు ఎదుర్కొనిరో విచారించుట ఈ పేట చరిత్రకు వెలియైన విషయము కాదు.

1861లో అమెరికా అంతర్యుద్ధము ఆరంభము కాగా లాంకషైరు మిల్లులకు అచటి ప్రత్తి రాక దాదాపు ఆగిపోయినది. బొంబాయి ప్రత్తికి మునుపెన్నడు లేని ధర పలికెను. వచ్చిపడిన ధనమునకు తగిన వ్యాపారములు నగరమున లేకపోయెను; కావున కంపెనీలనే సృష్టించిరి. 1865 ఆరంభమునకు 31 బ్యాంకులును, సముద్రమును పూడ్చి నేల చేయుదుమను భూమి కంపెనీలు ఎనిమిదియు వెలసినవి. వీనిలో బ్యాక్ బే కంపెనీ ప్రసిద్ధము. దాని వాటా ముఖవిలువ 5,000 రూపాయలు. 400 వాటాలను వేలము వేయగా ఒక్కొక్కదానికి ముఖవిలువపై 25,000 రూపాయలకు మించిన లాభము వచ్చినది. అంతటి ధర పలికిన నేల అప్పటికింకను నీటి అడుగుననే యుండెను!

కొన్నవారిలో పలువురు రొక్కము చెల్లించినవారు కారు. 1865 జూలై 1వ తేదీకి సొమ్మిచ్చి వాటా పుచ్చుకొందుమని వాయిదా బేరములు కుదుర్చుకొనిరి. చేతనున్న వాటాలను బ్యాంకులలో కుదువ పెట్టి, తెచ్చిన అప్పుతో మరికొన్ని వాటాలు కొనినవారును కలరు.

1865 ఏప్రిల్‌లో సేనాని లీ లొంగిపోయెను. శాంతి వార్తతో ప్రత్తి ధర పడిపోయినది, దానివెంట వాటాల ధరలును. అప్పుడైనను నష్టమునకు అమ్ముకొని బయటపడుటకు అనేకులకు మనసొప్పలేదు. నిన్నటి హెచ్చు ధరయే తమ ఆస్తి యనియు, నేటి ధర తాత్కాలికమనియు తలచిరి. మానవ స్వభావమున ఇది వింత కాదు గాని, వాయిదా తేదీ స్వభావమును ఎరుగదు. జూలై 1 రాగానే ఒకడు చెల్లింపలేకపోయెను. వాని సొమ్ముపై ఆశ పెట్టుకొన్న రెండవవాడును, వానిని నమ్మిన మూడవవాడును చెల్లింపలేకపోయిరి. ధర పడునని ముందే గ్రహించి హెచ్చు ధరకు అమ్మినవాడు సహితము రావలసినది రాబట్టుకొనలేక దెబ్బతినెను. ఈ కథలో దూరదృష్టియు రక్షింపలేకపోవుట గమనింపదగిన సంగతి.

వందలకొలది వర్తకులు దివాలా తీసిరి. దలాలులలో అగ్రగణ్యుడైన ప్రేంచంద్ రాయచందు సైతము కూలెను; అంతకుముందు ఆయన ఇచ్చిన విరాళముతో, ఆయన తల్లి పేరిట వెలసిన రాజాబాయి గోపురము 1878లో పూర్తియైనది. వాటాలను నమ్మి అప్పులిచ్చిన బ్యాంక్ ఆఫ్ బొంబాయి వాటా ఒకప్పుడు 2,850 రూపాయలు పలికినది, 87 రూపాయలకు దిగెను. 1868లో ఆ బ్యాంకును మూసి, అదే పేరిట క్రొత్తదానిని స్థాపింపవలసి వచ్చెను. ఏడేండ్ల అనంతరము, 1875లో, దలాలులు తమకొక సంఘము ఏర్పరచుకొనిరి. నేటి బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజికి అదియే మూలము.

బ్యాక్ బే పథకము అర్ధాంతరముగా నిలచినది. పూడ్చిన సన్నని పట్టీ తుదకు రైలుమార్గమునకు ఉపకరించెను. 1864 జనగణనలో 8,16,562గా నున్న నగర జనసంఖ్య 1872 నాటికి 6,44,405కు తగ్గినది. వ్యామోహపు రోజులలో పనికై చేరినవారు పని తరుగగా మరలిపోవుటయే ఈ తరుగుదలకు ముఖ్య హేతువు. వీరిలో అత్యధికులు వాటా కాగితమును చేతపట్టి యెరుగని కూలివారు.